అడిగి తెచ్చుకున్న వాయిదా

వాయిదా అంటే ఏమిటో కోర్టు గడప తొక్కని అదృష్టవంతులకు తెలియదు. చెబుతాను, వినండి. కేసు ఫలానా రోజున విచారిస్తామని కోర్టు ఇచ్చే తేదీని వాయిదా అంటారు. ఆ తేదీన విచారించకుండా ఇంకో తేదీకి తోసేస్తే దాన్నీ వాయిదా అనే అంటారు. "ఇవాళ నాకు వాయిదా ఉందండీ" అంటూ పొద్దున్నే తల నున్నగా దువ్వుకుని వచ్చినవాళ్ళు, మధ్యాహ్నానికి "వాయిదా పడిందండీ" అంటూ చెప్పులు ఈడ్చుకుంటూ పోతారు. రావడానికీ అదే మాట, పోవడానికీ అదే మాట. మధ్యలో జరిగేదానికి మాటంటూ లేదు, ఎందుకంటే మధ్యలో ఏమీ జరగదు.

మా ఊరి కోర్టు వరండాలో మూడో స్తంభం పక్కన టైపు మిషను పెట్టుకుని ఇరవై రెండేళ్ళుగా కూర్చుంటున్నాను. అందరూ నన్ను టైపక్క అంటారు. నేను కొట్టిన కాగితాల్లో ముప్పాతిక వంతు వాయిదా అర్జీలే. "పై కారణముల దృష్ట్యా ఈ కేసును మరియొక తేదీకి వాయిదా వేయవలసినదిగా ప్రార్థన" అన్న వాక్యాన్ని కళ్ళు మూసుకుని కొడతాను. కాబట్టి నేనేదో పత్తిత్తునని చెప్పుకోవడం లేదు. ఆ కుళ్ళులో నా చెయ్యీ ఉంది. కానీ నేను చెప్పబోయే మనిషి ముందు మేమంతా దిగదుడుపే.

ఆయన ఒక ప్లీడరుగారి గుమాస్తా. వరండా అంతా ఆయన్ని వాయిదారావు అని పిలుస్తుంది. వెనకాల కాదు, మొహం మీదే. ఇంకొకడైతే సిగ్గుతో చచ్చేవాడు. ఈయన మాత్రం ఆ పేరు వినగానే చొక్కా కాలరు సర్దుకుంటాడు. పదో తరగతి మూడుసార్లు తప్పి, పంతొమ్మిదో ఏట ఫైళ్ళు మోయడానికి ప్లీడరుగారి దగ్గర చేరాడట. మూడోసారి పరీక్షరోజున జ్వరమని పడుకున్నాడనీ, ఆయన జీవితంలో మొదటి వాయిదా అదేననీ మా వరండాలో ఒక జోకుంది. ఆ జోకు చెప్పేది కూడా ఆయనే.

ప్లీడరుగారు మాటకారే, కాదనను. కానీ ఆశపోతు. ఒకే పూట నాలుగు కోర్టుల్లో కేసులు ఒప్పుకుంటాడు. ఆయన లేని కోర్టులో వాయిదారావు లేస్తాడు. గుమాస్తా జడ్జిగారి ముందు నోరు విప్పకూడదన్నది రూలే. అయినా వాయిదా అడగడానికైతే ఎవరూ అడ్డు చెప్పరు. ఆ ఒక్క మాట అందరికీ తీపే మరి! ఎదుటి ప్లీడరు కాఫీకి పోవచ్చు. బెంచి క్లర్కు తేదీ రాసి కట్ట పక్కన పడేయొచ్చు. జడ్జిగారి బల్ల మీద బరువు తగ్గుతుంది. ఏడ్చేవాడు ఒక్కడే, ఆ కేసు ఎవరిదో వాడు. వాడి ఏడుపు ఎవరిక్కావాలి?

వాయిదారావు వాయిదా అడగడం చూసి తీరాలి. బంట్రోతు కేసు నంబరు పిలవగానే ఎడమ కాలు అరడుగు వెనక్కి పోతుంది. మెడ ఒక పక్కకి వాలుతుంది. రెండు చేతులూ గుండె దగ్గర కలుస్తాయి. కళ్ళల్లోకి ఎక్కడినుంచో ఒక దీనత్వం వస్తుంది. "ప్లీడరుగారికి ఒంట్లో బాగోలేదండి, వాయిదా ఇప్పించండి" అంటాడు. ఆ మాట కేసు విని అనేది కాదు. తాళం తిప్పితే గంతులేసే బొమ్మకి ఆలోచన ఎంత ఉంటుందో అప్పుడు ఆయనకీ అంతే ఉంటుంది. కారణాలకైతే కొదవే లేదు. ప్లీడరుగారి నడుమును రెండువందలసార్లైనా పట్టించి ఉంటాడు. ప్లీడరుగారి అత్తగారిని మూడుసార్లు చంపాడు. ఆవిడ నిక్షేపంగా ఉంది, మొన్న నా ముందునుంచే రిక్షాలో పోయింది.

"ముప్పై ఏళ్ళ సర్వీసు టైపక్కా! నేనడిగిన వాయిదా ఇవ్వనన్న జడ్జి ఇంకా పుట్టలేదు" అనేవాడు నా బెంచీ మీద కూర్చుని కాళ్ళూపుతూ.

"మహా గొప్పే. ఒక్క కేసైనా తేలిందా ఆ ముప్పై ఏళ్ళలో?" అంటే, "తేలడం మన చేతుల్లో లేదక్కా. నిలబెట్టడమే మన చేతుల్లో ఉంది" అని నవ్వేవాడు. పైగా అది వేదాంతమని ఆయన ఉద్దేశం! నాకు ఒళ్ళు మండేది. మండుతూనే ఆయన అర్జీలు కొట్టి ఇచ్చేదాన్ని.

ఇలాంటి మనిషికి ఒక చెల్లెలుంది. అందరికంటే చిన్నది, ఆయనకంటే పదిహేనేళ్ళు తక్కువ. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే పని చేస్తుంది. ఫ్రేముకి సరిపోయేలా అద్దం అంచును చక్రానికి ఆనించి కోయాలి. వెంట్రుకవాసి ఎక్కువ కోస్తే అద్దం పాడు. అంత నిక్కచ్చి పని చేసే మనిషి. మొగుడితో పొసగక ఏడేళ్ళ కూతుర్ని తీసుకుని వేరే గదిలో ఉంటోంది. ఆ మొగుడు ఒకరోజు బడి దగ్గరికి పోయి, "రెండ్రోజులు నా దగ్గరుంచుకుని పంపిస్తా" అని పాపను తీసుకుపోయాడు. ఆ రెండ్రోజులు ఏడాదిన్నర అయ్యాయి. శనివారం శనివారం బడి గేటు ఊచల అవతల పాపను చూసి వచ్చేది. ఊచల్లోంచి చేయి పెట్టి జడ వేసి వచ్చేదట.

పాపను నాకిప్పించండని కేసు వేద్దామనుకుని ఆ పిల్ల ఒక లాయరమ్మ దగ్గరికి పోబోతే వాయిదారావు మండిపడ్డాడు. "ఇంట్లో నేను లేనా? నా చెల్లెలు పోయి పరాయివాళ్ళ గుమ్మాలెక్కడమా? మా ప్లీడరుగారు నా మాట కాదనడు" అన్నాడు. అన్న మాటకదా, నమ్మింది. నమ్మకపోయినా బాగుండేది.

ఏడాదిన్నరలో పదకొండు వాయిదాలు. ప్రతిసారీ దుకాణంలో సెలవు పెట్టి వచ్చి నా బెంచీ చివర కూర్చునేది. నాతో మాట కలిసింది అలాగే. ఒకరోజు వేళ్ళు మడిచి లెక్కపెట్టి, అన్నను నా ముందే నిలదీసింది.

"అన్నయ్యా, ఆ పదకొండులో ఏడు వాళ్ళడిగారు. మరి నాలుగు మనమెందుకడిగాం? కూతురు కావాలన్నది నేను కదా?"

"నీకు తెలీదే. వాళ్ళడిగినప్పుడు మనం ఊరుకున్నాం. మనమడిగినప్పుడు వాళ్ళూరుకుంటారు. అది మర్యాద."

"ఎవరికి మర్యాద? నా పిల్లకి పాలపళ్ళు ఊడి కొత్తవొచ్చాయి. నేను ఊచల్లోంచి చూశాను."

వాయిదారావు నావైపు చూసి, ఆడవాళ్ళకి కోర్టు విషయాలు ఎలా చెప్పాలో తెలియడం లేదన్నట్టు పెదవి విరిచాడు. ఇరవై రెండేళ్ళు కోర్టులో నానిన నావైపు! తన్నాలనిపించింది.

ఇంతలో పిడుగు పడింది. పాప తండ్రికి వేరే దేశంలో ఉద్యోగం వచ్చింది. పాపను కూడా తీసుకుపోతున్నాడు. బడిలో టీచరమ్మ మంచిది కాబట్టి, సర్టిఫికెట్లు తీసుకున్నారనీ ఇరవై ఎనిమిదిన ప్రయాణమనీ గేటు దగ్గర చెవిలో వేసింది. చెల్లెలు పరుగున వచ్చి నా మిషను మీద పడి ఏడ్చింది. సముద్రం దాటితే ఈ కోర్టు మాట అక్కడ ఎవడు వింటాడు?

ప్లీడరుగారు కూడా ఈసారి కదిలాడు. కేసు తేలేదాకా పాపను ఊరు దాటించకూడదని ఉత్తర్వు ఇమ్మంటూ అత్యవసర అర్జీ రాయించాడు. నేనే కొట్టాను. ఇరవయ్యో తేదీ, బుధవారం విచారణ అన్నారు. ఆ వచ్చే సోమవారం నుంచి కోర్టుకి నెలపైన సెలవులు. అంటే ఏం జరిగినా ఆ బుధవారమే జరగాలి.

బుధవారం పొద్దున ప్లీడరుగారు మెట్ల దగ్గర నిలబడి గుమాస్తాకి నా చెవిన పడేలా చెప్పాడు. "నేను పైన రెండో కోర్టులో ఉంటా. కేసు పిలిస్తే, ప్లీడరుగారు పైనున్నారు, పది నిమిషాల్లో వస్తారు, కాస్త ఆగండి అను. అనేసి పరిగెత్తుకొచ్చి నన్ను పిలువు. అర్థమైందా? ఏమడిగినా వాయిదా మాత్రం అడక్కు."

"నా చెల్లెలి కేసండీ! నాకు చెప్పాలా?" అన్నాడు వాయిదారావు.

నేను కూడా మిషను మూసి లోపలికి వెళ్ళి వెనక వరసలో ఆ పిల్ల పక్కన కూర్చున్నాను. కొత్తగా వచ్చిన జడ్జిగారు ఆడమనిషి, సూటి మనిషి అని పేరు. కేసు పిలిచారు. బంట్రోతు గుమ్మంలో నిలబడి పాప తండ్రిని మూడుసార్లు కేకేశాడు. జవాబు లేదు. తండ్రి రాలేదు, వాళ్ళ ప్లీడరూ రాలేదు. సెలవుల ముందు వారం కదా, ఎలాగూ వాయిదానే పడుతుందని ధీమా కాబోలు. జడ్జిగారు అర్జీ తిరగేసి చదివారు. పెన్ను మూత తీశారు. పిలిచినా ఎదుటివాళ్ళు రాకపోతే కోర్టు ఇవతలివాళ్ళ మాటే విని ఉత్తర్వు రాసేయొచ్చు. ఆ పిల్ల నా మీదికి వంగింది. "అక్కా, రాస్తున్నారా?" అని గొణిగింది. రాయబోతున్నారు, తల్లీ.

"అర్జీదారు తరఫున ఎవరు?" అన్నారు జడ్జిగారు, తలెత్తకుండానే.

వాయిదారావు లేచాడు. ఎడమ కాలు అరడుగు వెనక్కి పోయింది. మెడ వాలింది. చేతులు కలిశాయి.

"ప్లీడరుగారికి ఒంట్లో బాగోలేదండి, వాయిదా ఇప్పించండి" అన్నాడు.

నేను చెవులతో విన్నాను కాబట్టి నమ్ముతున్నాను. జడ్జిగారు తలెత్తారు. "మీరే కదా అత్యవసరమన్నారు?" అని అడిగారు. అప్పుడైనా నాలిక కరుచుకోవచ్చు కదా! ఆ అవకాశం కూడా ఆవిడ ఇచ్చింది. ఈ మహానుభావుడు దీనంగా ఇంకో అంగుళం వంగి, "నడుము పట్టేసిందండి, లేవలేకపోతున్నారు" అన్నాడు. జడ్జిగారు పెన్నుకి మూత పెట్టేశారు. బెంచి క్లర్కు సెలవుల తరవాత మూడో వారంలో ఒక తేదీ చదివాడు. బంట్రోతు తరవాతి నంబరు పిలిచాడు.

వాయిదారావు వెనక్కి తిరిగాడు. అడిగింది దొరికినప్పుడు రోజూ ఉండే సంతోషమే ఆయన మొహంలో ఉంది. అలాగే రెండడుగులు వేసి చెల్లెలి మొహం చూశాడు. అప్పుడు తెలిసింది ఆయనకి. నోరు తెరుచుకుని నడిదారిలో ఆగిపోయాడు.

అలవాటులో పొరపాటు అంటారు. ఎంత చక్కటి మాట! చేసినవాడికి ఎంత సుఖమైన మాట! ఆయన కూడా వరండాలోకి రాగానే ఆ మాటే అన్నాడు. "అలవాటులో పొరపాటమ్మా. నోరు జారింది. ఏం కాదు, నేనున్నాను కదా" అన్నాడు. "నువ్వున్నావనే కదరా పాపిష్టివాడా!" అని నేనరిచిన అరుపుకి పక్క కోర్టులోంచి బంట్రోతు వచ్చి సైలెన్స్ అన్నాడు. చెల్లెలు మాత్రం అరవలేదు. "తేదీ ముందుకు జరిపించండి, అక్కా. అలా జరుపుతారా?" అని అడిగింది.

జరుపుతారు. చట్టంలో ఉంది. కానీ అప్పుడు తెలిసింది నాకు. నా దగ్గర నలభై రకాల నమూనా కాగితాలున్నాయి. అన్నీ తేదీని వెనక్కి తోసేవే. ముందుకు లాక్కురమ్మనే అర్జీ ఇరవై రెండేళ్ళలో ఒక్కసారీ కొట్టలేదు. ఎవరూ అడగలేదు. ఎలా మొదలుపెట్టాలో తెలియక ఒట్టి కాగితం ముందు కూర్చున్నాను. ఇంతలో ప్లీడరుగారు మెట్లు దిగివచ్చాడు. నడుము నిక్షేపంగా ఉంది, రెండేసి మెట్లు దిగాడు. విషయం విని తల పట్టుకున్నాడు. కానీ "నా గుమాస్తా అబద్ధం చెప్పాడు, నాకేం రోగం లేదు" అని ఒక్క ముక్క జడ్జిగారితో చెప్పడానికి నోరు రాలేదు ఆయనకి. చెబితే ముప్పై ఏళ్ళ నడుమునొప్పుల సంగతేమిటని ఆవిడ అడగదూ? "అనివార్య కారణముల వలన" అని కొట్టమన్నాడు. కొట్టాను. నిజం రాయండి అని గట్టిగా అడ్డుపడాల్సింది. పడలేదు.

మధ్యాహ్నం జడ్జిగారు ఆ అర్జీ చూసి, "పొద్దున అడిగితే ఇచ్చాను. ఇప్పుడు మార్చాలంటే ఎదుటివాళ్ళకి చెప్పకుండా కుదరదు" అన్నారు. శుక్రవారానికి పెట్టారు. అంటే సెలవుల ముందు చివరి రోజు. ఆ రోజు ఎదుటి ప్లీడరు ఎక్కడున్నా రెక్కలు కట్టుకుని వచ్చాడు. "దీనికి మేం జవాబు రాసుకోవాలి, టైం కావాలి" అన్నాడు. ఇచ్చారు. సెలవుల తరవాత మూడో వారానికి. వాయిదాను ముందుకు జరపమన్న అర్జీకి వాయిదా! మా ప్లీడరుగారు అభ్యంతరం చెప్పడానికి లేచి, నీళ్ళు నమిలి కూర్చున్నాడు. ఏ మొహంతో చెబుతాడు?

ఇరవై ఎనిమిదిన పొద్దున్నే ఆ పిల్ల మొగుడి ఇంటికి పోయింది. నేనూ వెంట వెళ్ళాను. తాళం వేసి ఉంది. కిటికీ రెక్క సందులోంచి చూస్తే గదిలో ఏమీ లేదు, గోడ మీద రంగు సుద్దలతో గీసిన బొమ్మలు తప్ప. పక్కింటావిడ వచ్చి, తెల్లవారకముందే వెళ్ళిపోయారని చెప్పింది. "పాప ఏడ్చిందా?" అని అడిగింది ఈ పిల్ల. నిద్రలోనే ఎత్తుకుపోయారమ్మా అంది ఆవిడ. ఈ పిల్ల అక్కడే గుమ్మం మెట్టు మీద కూలబడి, నిద్ర లేచి నాకోసం వెతుక్కుంటుంది కదా అక్కా అని గుండెలు బాదుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఎంత తిట్టుకున్నా తీరలేదు.

సెలవులైపోయాయి. కోర్టు తెరిచారు. మూడో వారం వచ్చింది. తేదీ మాత్రం ఎప్పుడూ తప్పకుండా వస్తుంది. ఎదుటి ప్లీడరు లేచి, మా పార్టీ నాకు అందుబాటులో లేడు, నేను చెప్పేదేమీ లేదు అన్నాడు. జడ్జిగారు మా అత్యవసర అర్జీని మంజూరు చేశారు. అడిగింది అడిగినట్టు ఇచ్చేశారు, ఐదు నిమిషాల్లో. పాప వెళ్ళిపోయి అప్పటికి నలభై తొమ్మిది రోజులు.

ఆ ఉత్తర్వు నకలు చేతికొచ్చిన రోజున వాయిదారావు వరండా అంతా వినపడేలా, "గెలిచాం టైపక్కా! మొత్తం మన పక్షానే వచ్చింది" అంటూ వచ్చాడు. ఆ మొహంలో ఎక్కడా సిగ్గన్నది లేదు. నేను బాగా వెతికాను. చెల్లెలికి కాగితం ఇచ్చి, "చూశావా, ఆలస్యమైనా న్యాయమే జరిగింది" అన్నాడు. అన్నవాడు ఇంకా బతికే ఉన్నాడంటే ఆ పిల్ల మంచితనమే.

ఆమె కాగితం నాకిచ్చి చదవమంది. పాపను తండ్రి గానీ, అతని తరఫువారు గానీ ఈ ఊరి పొలిమేర దాటించరాదు అని ఉంది. చదివాను.

"దాటిస్తే తిరిగి తీసుకురావాలి అని ఎక్కడుందక్కా?"

రెండుసార్లు చూశాను. లేదు. ఎందుకుంటుంది? మేం అది అడగలేదు. అడిగినదే ఇస్తుంది కోర్టు. ఆ అర్జీ కొట్టిన వేళ్ళు నావే. లేదమ్మా అన్నాను.

"దానికి వేరే కేసు వెయ్యాల్లేవే" అన్నాడు వాయిదారావు పక్కనుంచి, పెద్ద చిక్కేం కాదన్నట్టు. "నేను ప్లీడరుగారితో మాట్లాడతా. వచ్చే వారం వేసేద్దాం. మొదటి తేదీ తొందరగానే వచ్చేలా చూస్తా."

ఆ పిల్ల నా చేతిలోంచి కాగితం తీసుకుంది. ఉత్తర్వు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఆయన చొక్కా జేబులో దూర్చింది.

"ఇది నీ దగ్గరే ఉంచుకో. గెలిచింది నువ్వు కదా" అంది. "ఆ కొత్త కేసు నేను వేసుకుంటాను. నాకు తెలిసినవాళ్ళ దగ్గర, నాకు నచ్చినట్టు. ఆ రోజు నువ్వు కోర్టు చుట్టుపక్కల కనిపించకు. ఎవరైనా అడిగితే నీకు చెల్లెలు లేదని చెప్పు. నాకు అన్న లేడని నేను చెబుతాను."

"అదేంటే, రక్తసంబంధం..." అని ఆయన మొదలుపెట్టాడు.

"నా కూతురు నా మొహం మరిచిపోతోందిరా" అంది. ఆమె ఆయన్ని రా అనడం నేను వినడం అదే మొదటిసారి. తరవాత మెట్లు దిగి దుకాణానికి పోయింది, మధ్యాహ్నం నుంచి పనికి వస్తానని మాటిచ్చిందట.